నిషిద్ధ హాస్యాల చాటింపు

ఒక పెద్ద అడవిలో అన్నీ పెద్దవే. పెద్ద చెట్లు, పెద్ద కొండ, పెద్ద సభలు, ఆ సభల్లో పెద్ద పెద్ద మాటలు. చిన్నదంటూ ఉన్నది ఒక్కటే. ఏటి అవతల, ఎప్పుడో మనుషులు రాయి కొట్టుకుని వదిలేసి పోయిన, గుహలాంటి ఒక గుంత.

ఆ గుంతని ముకుందం అనే ముంగిస నడిపేవాడు. పొద్దు వాలుతుంటే అక్కడ పాట, ఆ తర్వాత హాస్యం. వచ్చినవాళ్ళు చేతికందిన పండో దుంపో తెచ్చి గట్టుమీద పెట్టేవాళ్ళు. తేనివాళ్ళని ముకుందం ఏమీ అనేవాడు కాదు. తెచ్చినవాళ్ళే వాళ్ళని అదోలా చూసేవాళ్ళు. లోపల రాళ్ళే ఆసనాలు. పైన గబ్బిలాల కంపు. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, అలవాటైనవాళ్ళు దాన్ని 'వాతావరణం' అనేవాళ్ళు.

ముందు భీమశంకరం పాడేవాడు. ఆయనొక ముసలి ఎలుగుబంటి. గొంతులో గులకరాళ్ళు దొర్లుతున్నట్టుండేది గానీ, పాట అందుకుంటే ఎక్కడో పోగొట్టుకున్నదేదో గుర్తొచ్చి మనసు మెత్తబడేది. ఆ మెత్తబడ్డ మనసుల మీదికి చారుమతి వచ్చి వాలేది. చారుమతి గోరువంక. వేదిక మీదున్న ఎండుకొమ్మ మీద నిలబడి, ఎవరి గొంతు కావాలంటే వాళ్ళ గొంతుతో మాట్లాడుతూ, అందరి బతుకులూ ఏకి పారేసేది.

"దున్నపోతు మీద వాన పడితే కదలదంటారు. అబద్ధం. కదులుతుంది. వాన వెలిశాక."

"మొసలిగారు ఏడుస్తున్నారని తెలిస్తే పరామర్శకు మాత్రం వెళ్ళకండి. ఆ పూట భోజనం మీరే."

వచ్చేవాళ్ళు కూడా ఒక రకం కాదు. నెమలి ముందు వరసలో కూర్చుని పింఛం విప్పేది. వెనకవాళ్ళకి వేదిక కనపడేది కాదు. తను వచ్చిన సంగతి నలుగురికీ తెలిసిందని నమ్మకం కుదిరాక లేచి వెళ్ళిపోయేది. కొంగలు ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుని వినేవి. "పోయినేడాది ఇంకా బాగుండేది" అనేవి. మొదటిసారి వచ్చిన రోజు కూడా అదే మాట అన్నాయి. దున్నపోతుకి జోకు ఎక్కడానికి కాస్త సమయం పట్టేది. మర్నాడు భీమశంకరం విషాద గీతం పాడుతుంటే, నిన్నటి జోకు అప్పుడే అర్థమై పగలబడి నవ్వేది. ఆయన ఏమీ అనుకోకుండా చరణం ఎత్తుకునేవాడు.

అన్నిటికన్నా వెనక, తల మీద మోదుగాకు కప్పుకుని ఒక నక్క కూర్చునేది. ఆయన మంత్రి జంబులింగం. తనిఖీకి వచ్చానని తనకు తాను చెప్పుకునేవాడు. నిజానికి రోజంతా రాజుగారి ముందు ఆచితూచి మాట్లాడి, అవసరం లేనిచోట నవ్వి, అవసరమైనచోట నవ్వాపుకుని, దవడలు నొప్పెట్టి, ఇక్కడికొచ్చి తనివితీరా నవ్వుకుని పోయేవాడు. తన మీద వేసిన జోకులకి కూడా నవ్వేవాడు. ఒకరోజు చారుమతి ఇలా చెప్పింది:

"ఒక కుందేలు ఫిర్యాదు పట్టుకుని మంత్రిగారింటికి వెళ్ళింది. ఫిర్యాదు లోపలికి వెళ్ళింది. కుందేలూ లోపలికి వెళ్ళింది. కాసేపటికి మంత్రిగారు ఒక్కరే పళ్ళు కుట్టుకుంటూ బయటికొచ్చి, 'విషయం పూర్తిగా జీర్ణించుకున్నాను' అన్నారు."

జంబులింగం నవ్వి నవ్వి పక్కనున్న రాతిని కొట్టాడు. అదే ఊపులో ఆమె తరవాతి జోకు అందుకుంది.

"మన రాజుగారు గర్జిస్తే ఎదురుకొండ మారుపలుకుతుందని మనందరికీ తెలిసిందే. ఈమధ్య కొండకి ఓపిక తగ్గింది పాపం. ఆయనెప్పుడు నోరు తెరుస్తాడా అని ఎంతకని కాచుకుంటుంది? ముందే తన గర్జన తను గర్జించేసి, పని చూసుకుంటోంది."

గుంత గుంతంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది జంబులింగమే. సగం నవ్వులో ఆయన నోరు అలాగే ఉండిపోయింది.

ఎందుకంటే అది నిజం.

సింహం మహారాజుకి గొంతు పోయి చాలాకాలమైంది. గర్జించబోతే ఈల లాంటిదేదో వచ్చేది. రాజు గర్జించలేడని తెలిస్తే రాజుకేమవుతుందో ఏమోగానీ, మంత్రికి మాత్రం ఉద్యోగం పోతుంది. అందుకని జంబులింగం దండపాణి అనే దుమ్ములగొండిని కొండగుహలో కూర్చోబెట్టాడు. రాజు నోరు తెరవగానే తను తోక ఊపుతాడు, అది చూసి దండపాణి గుహలోంచి గర్జిస్తాడు. అడవి వణుకుతుంది. ఈ ఏర్పాటు రాజుగారికి కూడా తెలియదు. వయసు పెరిగేకొద్దీ తన గొంతు కంచులా మోగుతోందని ఆయన ఆనందం.

చారుమతికి ఇదేమీ తెలియదు. ఏట్లో స్నానం చేస్తుంటే ఏదో తోచింది, చెప్పింది. అంతే.

కానీ జంబులింగానికి అలా అనిపించలేదు. ఈ పిట్టకి ఎలా తెలిసింది, ఇంకెవరికి తెలుసు అని ఆలోచిస్తుండగానే, ముందు వరసలోంచి లేచి పోతున్న నెమలి ఆయన్ని చూసింది.

"మంత్రిగారూ, మీరా? అంత నవ్వు నవ్వింది మీరేనా?" అని మురిసిపోయింది. "అందరికీ చెప్తాను ఉండండి, మీకెంత రసికతో."

నెమలి చెప్పకముందే తను చెప్పాలి. జంబులింగం ఆకు పారేసి, తిన్నగా రాజుగారి గుహకి వెళ్ళాడు.

"ప్రభూ, ఏటి అవతల గుంతలో తమరి మీద జోకులేసి నవ్వుతున్నారు."

సింహం కళ్ళు తెరిచి, "ఏమని?" అంది.

"ఆ మాట నా నోట రాదు ప్రభూ."

"పోనీ అందులో కాస్త ముక్క చెప్పు."

"ముక్క కూడా రాదు ప్రభూ."

"అంత బాగుందా?" అంది సింహం ఆశగా. చాలాకాలంగా ఆయనకి ఎవరూ నవ్వొచ్చే మాట చెప్పలేదు. చెప్పినవాళ్ళు కూడా ఆయన నవ్విన తర్వాతే నవ్వేవాళ్ళు.

జంబులింగం మాట మార్చేశాడు. "సంగతి తమరిది కాదు ప్రభూ. తమరు దయామయులు, క్షమిస్తారు. నా బాధల్లా ప్రజల గురించే. వాళ్ళ మనసులు గాయపడుతున్నాయి. సభ పిలిచి వాళ్ళనే అడగండి."

సభ పిలిచారు. ఎవరి మనసైనా గాయపడిందా అని అడిగారు. అంతవరకూ ఎవరికీ ఆ ఆలోచన లేదు. అడిగాక ఒక్కొక్కరూ తమ మనసులు తడిమి చూసుకున్నారు. తడిమితే అందరికీ ఏదో ఒకచోట నొప్పి తగిలింది.

మొసలి ఏడుస్తూ లేచింది. "నా కన్నీళ్ళని అవమానించారు" అంది. పక్కన కూర్చున్నవాళ్ళు ఓదార్చబోయి, ఏదో గుర్తొచ్చి దూరం జరిగారు.

కొంగ లేచింది. "ఇన్నాళ్ళుగా వస్తున్నాం. మా కొంగల మీద ఒక్క జోకు వెయ్యలేదు. మేం ఈ అడవిలో లేమా? ఇది వివక్ష."

దున్నపోతుని అడిగితే, ఆలోచించి చెప్తానంది. సభ ముగిసి అందరూ ఇళ్ళకి పోయాక, ఖాళీ మైదానంలో నిలబడి, తను తీవ్రంగా గాయపడ్డానని ప్రకటించింది.

ఇకనుంచి అడవిలో ఉన్న ఏ ప్రాణి మీదా హాస్యం చెయ్యకూడదని తీర్మానమైంది. నవ్వించినవాళ్ళని, నవ్వినవాళ్ళని అడవి పొలిమేర దాటించేస్తారు. పొలిమేర దాటితే ఊరు. ఊళ్ళో మనుషులుంటారు. అంతకన్నా పెద్ద శిక్ష ఆ అడవిలో లేదు.

ముకుందం లేచి నిలబడ్డాడు. "మరి దేనిమీద చెప్పుకోమంటారండీ?"

"వాతావరణం మీద చెప్పుకోండి" అన్నాడు జంబులింగం.

మర్నాడు చారుమతి కొమ్మ మీద నిలబడి వాన మీద ఒక జోకు చెప్పింది. కప్పలు వచ్చి, వాన తమకి దేవుడితో సమానమని చెప్పి బైఠాయించాయి. ఆ తరవాతి రోజు ఎండ మీద చెప్పింది. తొండలు వచ్చాయి. చివరికి ఆమె, "ఒక చోట ఒకటి ఉండేది. అది ఒక పని చేసింది. ఏమీ జరగలేదు" అని చెప్పి కొమ్మ దిగిపోయింది. ఎవరూ నవ్వలేదు. కొంగలు మాత్రం కళ్ళు తెరిచి, ఇందులో లోతు ఉందన్నాయి.

భీమశంకరం పాటకి కూడా దెబ్బ తగిలింది. ఆయన పాటలో వెన్నెల ఉంది. వెన్నెల వల్ల తమ వేట పాడవుతోందని గుడ్లగూబలు ఫిర్యాదు చేశాయి. వెన్నెల తీసేసి పాడమన్నారు. ఆయన ప్రయత్నించాడు. వెన్నెల తీసేస్తే పాటలో మిగిలింది "ఓహో" ఒక్కటే.

ఆ వారంలోనే ఏనుగు వచ్చి ఒక బండని దొర్లించి గుంత నోరు మూసేసింది. ఏనుగు కూడా గుంతకి వచ్చే ప్రాణే. లోపలికి పట్టదు కాబట్టి పైనుంచి చెవి వాల్చి వినేది. బండ తోస్తున్నంతసేపూ ముకుందం మొహం చూడలేదు.

"ఏమనుకోకు ముకుందం. ఆజ్ఞ" అంది.

"ఏం అనుకోను లేవయ్యా. మెల్లిగా తొయ్యి. లోపల భీమన్న కూర్చునే రాయి పగులుతుంది" అన్నాడు ముకుందం.

భీమశంకరం ఆ బండని చేత్తో ఒకసారి తడిమి, "నేనిక పడుకుంటాను బాబూ. చలికాలం ఇంకా రాలేదనుకో, అయినా పడుకుంటాను" అని వెళ్ళిపోయాడు. చారుమతి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ బండ మీదే కూర్చుని, వచ్చే పోయే వాళ్ళ గొంతుల్ని తనలో తను గొణుక్కుంటూ ఉండేది. నవ్వించకపోతే తనకి తిండి సయించదని ఆమెకి అప్పుడే తెలిసింది.

గుంత మూశారు గానీ నోళ్ళు మూయలేకపోయారు. జోకులు పొదల్లో చేరాయి. ఒకరోజు కుందేలు ఒకటి నీటి రేవు దగ్గర కొండ జోకు చెప్తూ దొరికిపోయింది. దాన్ని రాజుగారి ముందు నిలబెట్టారు.

"ప్రభూ, చెప్పకూడదని నాకు తెలియదు" అంది కుందేలు. "హాస్యం చెప్పకూడదన్నారు. ఇది హాస్యమనుకోలేదు. వార్త అనుకున్నాను."

సింహం గొంతు పోయినా న్యాయం పోయినవాడు కాదు. "అదీ నిజమే. ఏది తప్పో చెప్పకుండా శిక్షించడమేమిటి? జంబులింగం, ఏయే హాస్యాలు నిషిద్ధమో అడవంతా చాటింపు వేయించు. ఆ తర్వాత ఎవరూ తెలియదనడానికి వీల్లేదు" అన్నాడు.

జంబులింగానికి ఇందులో ఏదో తిరకాసు ఉన్నట్టు లీలగా తోచింది. కానీ రాజాజ్ఞ. పైగా చాటింపు వేసేవాడు గంభీరయ్య. గంభీరయ్య నోట ఏ మాట పడినా దాని ప్రాణం పోతుందని ఆయన ధైర్యం.

గంభీరయ్య గాడిద. ఎప్పుడో ఊళ్ళో ఒక చాకిరేవు దగ్గర మూటలు మోసి మోసి, ఒకరోజు దారి తప్పి అడవికి వచ్చేశాడు. పుట్టాక ఒక్కసారి కూడా నవ్వలేదు. నవ్వకూడదని కాదు, ఎందుకు నవ్వాలో ఆయనకి తెలియదు. కరువొచ్చినా వరదొచ్చినా రాజుగారి పుట్టినరోజొచ్చినా ఒకటే గొంతు, ఒకటే మొహం. నిషిద్ధ హాస్యాలన్నీ ఆయనకి కంఠతా వచ్చేలా చెప్పమని చారుమతికి ఆజ్ఞ అయింది. తన జోకుల్ని తన నోటితోనే శత్రువుకి అప్పగించాలన్నమాట. ఆమె ముక్కు వేలాడేసుకుని వచ్చి కూర్చుంది.

"చెప్పమ్మా" అన్నాడు గంభీరయ్య.

ఆమె మొసలి జోకు చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఆ పూట భోజనం మీరే. అంటే అక్కడ వడ్డించే పని మనదా?"

"కాదండీ. మనల్నే తింటుందని."

"అయ్యో. మరి ఆ మాట నేరుగా చెప్పొచ్చు కదా. ఇందులో నవ్వెక్కడుందమ్మా?"

చారుమతి నిట్టూర్చి, "ఎక్కడా లేదులెండి. ఒకసారి మీరు చెప్పండి వింటాను" అంది.

గంభీరయ్య మెడ సవరించుకున్నాడు. చెవులు నిటారుగా నిలబెట్టాడు. "ఇందుమూలంగా తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టి, జోకు మొత్తం, చావు కబురు చెప్పినట్టు, అక్షరం జారకుండా చెప్పాడు. "ఆ పూట భోజనం మీరే" దగ్గర కాస్త ఆగి, సానుభూతిగా తల కూడా వంచాడు.

చారుమతికి నవ్వు తన్నుకొచ్చింది. రెక్కతో ముక్కు నొక్కుకుంది. ఇన్నేళ్ళుగా గొంతులు మార్చి, రెక్కలు ఆడించి, గెంతి, తను చేసినదంతా ఈయన కదలకుండా నిలబడి చేసేశాడు.

"తప్పుందా అమ్మా?" అన్నాడు గంభీరయ్య.

"లేదండీ. మార్చకండి. అచ్చం ఇలాగే చెప్పండి. ఎవరేమన్నా మార్చకండి" అంది చారుమతి. తనకి గుర్తున్నవే కాక, వేదిక మీద చెప్పే ధైర్యం లేక దాచుకున్నవి కూడా నేర్పింది. వాటిలో చాలావరకు మంత్రిగారి మీదవే.

మొదటి చాటింపు నీటి రేవు దగ్గర. గంభీరయ్య డప్పు మీద కాలితో ఒక దెబ్బ వేశాడు.

"ఇందుమూలంగా యావన్మంది అడవి వాసులకు తెలియజేయడమేమనగా, కింద తెలిపిన హాస్యములు నిషిద్ధములు. వీటికి నవ్విన వారు పొలిమేర దాటించబడుదురు. మొదటి హాస్యము. ఒక కుందేలు ఫిర్యాదు పట్టుకుని మంత్రిగారింటికి వెళ్ళెను."

జింకలు నీళ్ళు తాగడం ఆపాయి.

"ఫిర్యాదు లోపలికి వెళ్ళెను. కుందేలూ లోపలికి వెళ్ళెను."

అడవిపంది ఒకటి బురదలో మొహం దాచుకుంది.

"కాసేపటికి మంత్రిగారు మాత్రమే బయటికి వచ్చిరి. విషయము పూర్తిగా జీర్ణించుకొంటిని అనిరి. దీనికి ఎవ్వరూ నవ్వరాదు."

ఆ చివరి మాటతో రేవు రేవంతా పగలబడి నవ్వింది. జింకలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గంభీరయ్య నవ్వినవాళ్ళ వంక నొచ్చుకున్నట్టు చూశాడు.

"నవ్వరాదని చెప్పాను కదా. అర్థం కానివారి కోసం మళ్ళీ చెప్తున్నాను" అని మొదటినుంచీ చెప్పాడు.

మర్నాటికి అడవంతా ఆయన వెంట పడింది. చాటింపు ఎక్కడుంటే అక్కడ ముందుగానే వచ్చి చోటు పట్టుకున్నారు. అయిపోయాక, "సరిగా వినపడలేదండీ, చట్టం తెలుసుకోవడం మా బాధ్యత కదండీ" అని మళ్ళీ చెప్పించుకున్నారు. నెమలి వచ్చి, గంభీరయ్యని అందరికన్నా ముందు గుర్తించింది తనేనంది. కొంగలు, రేవు దగ్గరి మొదటి చాటింపులో ఉన్న నిజాయితీ ఇప్పుడు లేదన్నాయి. గుంతలో పట్టేవాళ్ళే వినే జోకులు ఇప్పుడు అడవి మొత్తం విన్నది, ప్రభుత్వ ఖర్చుతో.

జంబులింగం హడావిడిగా ఇంకో ఆజ్ఞ తెచ్చాడు. చాటింపుకి నవ్వడం కూడా నేరం. ఆ సంగతి కూడా గంభీరయ్యే చాటాడు. "నిషిద్ధ హాస్యములు విని నవ్వుటయే గాక, నిషేధమును విని నవ్వుటయు నిషిద్ధము" అన్నాడు. అన్నిటికన్నా దానికే ఎక్కువ నవ్వారు.

నిద్రపోతున్న భీమశంకరం కూడా ఆ గోలకి లేచి వచ్చి, ఒక చెట్టుకి ఆనుకుని విన్నాడు. పక్కనే నిలబడి ముకుందం కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"నవ్వొచ్చా, ఏడుపొచ్చా?" అన్నాడు భీమశంకరం.

"తెలీడం లేదు అన్నా. ఇన్నేళ్ళు నేను ఇల్లిల్లూ తిరిగి పిలిచినా ఇంతమంది రాలేదు" అన్నాడు ముకుందం.

ఈ మాట రాజుగారి చెవిన పడక తప్పలేదు. చాటింపు తనూ వింటానన్నాడు. జంబులింగం అడ్డుపుల్లలు చాలా వేశాడు. రాజు వినలేదు. కొండ ఎదుట మైదానంలో సభ కూడింది.

సభకి ముందు జంబులింగం గంభీరయ్యని పక్కకి లాగాడు. "ఆ కొండ సంగతి ఒక్కటి వదిలెయ్యి."

"ప్రభుత్వ చాటింపులో అక్షరం తగ్గించే అధికారం నాకు లేదండీ. తగ్గిస్తే, ఏం తగ్గించానో కూడా చాటాలి. అలా చాటమంటారా?"

జంబులింగం గబగబా తన చోటికి పోయి నిలబడ్డాడు.

గంభీరయ్య అన్నీ చెప్పాడు. మంత్రి మీద జోకులొచ్చినప్పుడల్లా సింహం జూలు కదిలింది. చివర్న కొండ జోకు వచ్చింది. గంభీరయ్య ఎప్పటిలాగే, "దీనికి ఎవ్వరూ నవ్వరాదు" అన్నాడు. ఎవ్వరూ నవ్వలేదు.

సింహం లేచి నిలబడింది. "కొండ ముందు పలుకుతుందా? చూద్దాం" అని జూలు విదిల్చి, ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

జంబులింగం వణికిపోతున్నాడు. ఒళ్ళు వణికితే తోక వణక్కుండా ఉంటుందా. గుహలో కనిపెట్టుకుని ఉన్న దండపాణికి తోక కదలడం కనిపించింది. అంతే. సింహం ఇంకా నోరు తెరవలేదు. కొండ గర్జించింది. అడవి దద్దరిల్లింది.

ఆ తర్వాత సింహం నోరు తెరిచింది. సన్నగా, పాలు పొంగేముందు వచ్చే చప్పుడులాంటిది వచ్చింది.

కొండ మీదనుంచి దండపాణి తల బయటికి పెట్టి, "తొందరపడ్డానా మంత్రిగారూ? తోక ఊపారు కదా" అని కేకేశాడు.

ముందు ఎవరు నవ్వారో ఎవరికీ తెలియదు. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం తేలిక. గంభీరయ్య నవ్వలేదు. జంబులింగం నవ్వలేదు. సింహం నవ్వలేదు. పొలిమేర దాటించాలంటే అడవిని మొత్తం దాటించాలి.

సింహం కూర్చుంది. ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనిపించింది. చారుమతికి ఆ మొహం చూసి మొదటిసారి ఎక్కడో కలుక్కుమంది. తను చెప్పింది జోకే. అది పోయి పోయి ఒక ముసలివాడి గొంతు మీద పడింది.

సింహం మెల్లిగా గంభీరయ్యని అడిగింది. "మొత్తం మీద నా గురించి ఎన్ని?"

"ఒక్కటే ప్రభూ. మిగతావి ఎక్కువ మంత్రిగారివి."

"ఒక్కటేనా?" అంది సింహం. దాని మొహం ఇంకా వాడిపోయింది.

జంబులింగానికి ఆ ఒక్క మాటలో గండం గట్టెక్కే దారి దొరికింది. ఏ మాట ఏ గాలికి తూగుతుందో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వెంటనే కాళ్ళ మీద పడ్డాడు.

"ప్రభూ, తప్పు నాది. నిషేధించడం పాతకాలపు పద్ధతి. కళని ఆదరించాలి. ఆ పని నాకు వదిలెయ్యండి."

నిషేధం పోయింది. ఏనుగు పరిగెత్తుకుంటూ వెళ్ళి బండ తీసేసింది. ముకుందం లోపల ఊడ్చుకున్నాడు. భీమశంకరం తన పాటలోకి వెన్నెలని తిరిగి పెట్టుకున్నాడు. గంభీరయ్యకి మైదానంలో పెద్ద మంటపం కట్టి, ఆస్థాన హాస్యవేత్తని చేశారు. నవ్వించమని చెప్పాక ఆయన నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆయనకి ఎవరూ నవ్వలేదు. హాజరు మాత్రం బాగా ఉండేది.

ఇక చారుమతికి సన్మానమన్నారు.

"వద్దు తల్లీ. వాళ్ళు తిట్టినన్నాళ్ళూ నీకేం భయం లేదు. మెచ్చుకుంటున్నారంటేనే నాకు గుబులుగా ఉంది" అన్నాడు ముకుందం.

"ఒక్కసారే కదా బాబాయ్" అంది చారుమతి. "ఇన్నేళ్ళు ఎండుకొమ్మ మీద నిలబడ్డాను. నన్ను పిలిచి ఎవరైనా కూర్చోమన్నారా?"

ముకుందం చీపురు అందుకుని మళ్ళీ ఊడ్చుకోవడం మొదలుపెట్టాడు.

సన్మానం ఘనంగా జరిగింది. సాలెపురుగుల చేత ప్రత్యేకంగా నేయించిన పట్టు శాలువాని సింహమే స్వయంగా కప్పింది. శాలువా పెద్దది, పిట్ట చిన్నది. మొత్తం కప్పబడిపోయింది. మొసలి ఆనందబాష్పాలు రాల్చింది. కొంగ మాట్లాడింది, నెమలి మాట్లాడింది, దున్నపోతు ఏదో చెప్పబోయి మర్చిపోయింది. జంబులింగం మాట్లాడుతూ, తన మీద ఆమె వేసిన జోకులే తనకి దారి చూపించాయన్నాడు. చివర్లో చారుమతిని రెండు ముక్కలు చెప్పమందామనుకునేసరికి పొద్దుపోయింది, వందన సమర్పణ అయిపోయింది.

మర్నాడు గుంత నిండిపోయింది. బయట కూడా నిలబడ్డారు. భీమశంకరం పాట అయ్యాక చారుమతి కొమ్మ మీదికి వచ్చింది. శాలువా భుజాన ఉంది. తీస్తే ఎవరేమనుకుంటారోనని తియ్యలేదు.

"మన రాజుగారు..." అని మొదలుపెట్టి ఆగింది. ఆ రోజు మైదానంలో వాడిపోయిన సింహం మొహం గుర్తొచ్చింది. అందరూ ముందుకి వంగారు.

"మన రాజుగారు మంచివారు" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మంత్రిగారి వైపు తిరిగింది. ఆయన ఇప్పుడు ఆకు కప్పుకోవడం మానేసి ముందు వరసలోనే కూర్చున్నాడు. ఆమెకేసి చూసి అభిమానంగా తలాడించాడు.

"మంత్రిగారు కూడా" అంది చారుమతి. వాన గురించి ఏదో చెప్పి, కొమ్మ దిగింది.

ముకుందం గట్టు మీద కూర్చుని, తన కాళ్ళ కేసి చూసుకుంటూ ఉండిపోయాడు.

నీతి: గిట్టని నోటికి తాళం వేస్తే చప్పుడవుతుంది, శాలువా కప్పితే చప్పట్లవుతాయి.